ఈత నేర్వక ద్వీపయాత్ర

అమీరుపేట మెట్రో స్టేషను మెట్లు దిగి పంజగుట్ట వైపు నడచువారు తలయెత్తి చూచినయెడల, కంప్యూటరు విద్యలు నేర్పుదుమను పలకల నడుమ నేడు మఱియొక జాతి పలకలును కానవచ్చును. వానిమీద నీలిసముద్రము, తెల్లని మరపడవ, మొగమునకు అద్దపుతొడుగు తగిలించుకొని నవ్వుచున్న చిన్నవాడు. ఉదయము హోటలునొద్ద ఎక్కించుకొని, మరపడవపై రెండు మూడు ద్వీపములు త్రిప్పి, పగడపు దిబ్బలలోని చేపలను చూపించి, భోజనము పెట్టి, ప్రొద్దు గ్రుంకకమునుపే మరల దింపుదుమని వ్రాసియుండును. కొన్ని పలకలు అండమాను ద్వీపములకు, కొన్ని థాయిలాండులోని ఫుకెట్టునకు. మన తాతలు సముద్రస్నానము చేయవలెనన్న మచిలీపట్టణమునకో విశాఖపట్టణమునకో రాత్రియెల్ల రైలులో కూర్చుండి పోయిరి. మనము పంజగుట్టలో నొక బల్లయెదుట అరగంట కూర్చుండి ద్వీపములకు చీటి వ్రాయించుకొని వచ్చుచున్నాము. ఇది తప్పని మేము చెప్పబోము. మేమును ఆ బల్లయెదుట కూర్చున్నవారమే.

ఇప్పుడీ విషయము పత్రిక కెక్కుటకు కారణము కలదు. గడచిన తల్లిదండ్రుల సమావేశమున కొందఱు పెద్దలు, పదవ తరగతి పరీక్షలు ముగిసిన పిమ్మట పిల్లల నందఱిని పాఠశాలయే అండమానునకు కొనిపోయి ఒక దినము ద్వీపయాత్ర చేయింపవలెనని కోరిరి. ఉపాధ్యాయులు తమతమ యభిప్రాయములను వ్రాసి యీయవలసినదిగా ప్రధానోపాధ్యాయులవారు సెలవిచ్చిరి. మా యభిప్రాయ మొక్కమాటలో చెప్పవచ్చును. పోవలసినదే, కాని ఈతకొలనులో ఒక కొసనుండి మఱియొక కొసకు ఎవరి సాయమును లేక ఈదలేని బాలుడు గాని, బాలిక గాని, ఉపాధ్యాయుడు గాని ఆ పడవ యెక్కరాదు. ఉపాధ్యాయుడు గాని యను మాట యేల వ్రాసితిమో మొదట చెప్పెదము.

మూడేండ్ల క్రిందట, మా నలుబది మూడవ యేట, మేము మా యింటివారిని, ఇద్దఱు పిల్లలను వెంటబెట్టుకొని అండమానునకు పోయితిమి. విమానమున పోర్టు బ్లెయిరు చేరి (2024లో ఆ పట్టణమునకు శ్రీవిజయపురమని పేరు మార్చిరి), అచ్చటినుండి ఓడలో హావ్‌లాక్ ద్వీపమునకు పోయితిమి. 2018 మొదలు దాని పేరు స్వరాజ్ ద్వీప్. మఱునాటి యుదయము ఆ ద్వీపపు రేవునుండి ఎలిఫెంటు బీచి యను తీరమునకు మరపడవలో బయలుదేరితిమి. ప్రయాణము ఇంచుమించు ఇరువది నిమిషములు. పడవలోని వారందఱికిని నారింజవన్నె లైఫ్ జాకెట్లు పంచిరి. మాకు వచ్చినదాని బకిలీ యొకటి విఱిగియుండెను. ఆ మాట చెప్పుటకు మాకు సిగ్గు కలిగినది. తరగతిలో నలువదిమందిని నోరెత్తనీయని మేము, ఆలస్యమగుచున్నదని తక్కినవారు విసుగుకొందురేమో యని నోరు మూసికొని ఆ పట్టీని ముడివేసికొంటిమి.

తీరమున మొగముతొడుగును, నోట కఱచిపట్టుకొను ఊపిరిగొట్టమును ఇచ్చిరి. ఈ గొట్టమునే స్నార్కెల్ అందురు. నడుములోతు నీటిలో రెండు నిమిషములు అభ్యాసము చేయించి, ఒక రబ్బరు చక్రము పట్టించి లోనికి లాగుకొనిపోయిరి. తల నీటిలో ముంచితిమి. చిలుకచేపలు పగడమును కొఱుకుచున్న చప్పుడు చెవులకు స్పష్టముగా వినబడినది. పసుపుచారల చిన్నచేపలు మా చేతివ్రేళ్ల యెదుటనే తిరుగుచుండెను. ఇరువదియేండ్లుగా పటములలో చూపించినది కన్నులయెదుట నుండగా ఎంతసేపు గడచినదో మే మెఱుగము. అంతలో నొక అల గొట్టమును నింపినది. ఉప్పునీరు గొంతులోనికి పోయెను. ముడివేసిన పట్టీ జాఱి, జాకెట్టు చెవులవఱకు ఎగబ్రాకెను. మేము చక్రము విడిచి, చేతి కందినదానిని పట్టుకొని, నిలువబడుటకై కాలు క్రిందికి చాచితిమి. కాలిక్రింద ఏదియో పెళుక్కుమని విఱిగినది.

"మాస్టారూ, కాలెట్టేయకండి! అది రాయి కాదు, బతికున్నాది!" అని చక్రము లాగుచున్న పడవవాడు కేకవేసెను. అతడు శ్రీకాకుళమునుండి తాతనాడు వలసవచ్చిన కుటుంబమువాడట. అండమానులో మన తెలుగువారు వేలకొలది కలరు. అతడే మమ్మును ఒడ్డునకు చేర్చెను. చేతి కందినదని మేము పట్టుకొన్నది మా కుమార్తె భుజము. ఆమెకు అప్పుడు పదునాలుగేండ్లు. మేము ఆమెను పట్టుకొని క్రిందికి త్రొక్కితిమట. ఆ మాట ఆమె మా కానాడు చెప్పలేదు. ఇంటికి వచ్చిన వారము దినములకు వాళ్లమ్మతో చెప్పినది. మునుగువాడు తన్ను రక్షింపవచ్చినవానిని సయితము ముంచునని తరగతిలో ఎన్నిమాఱులు బోధించితిమో!

మేము భౌతికశాస్త్రము చెప్పువారము. మాకు జరిగినదానిలో మా పాఠ్యపుస్తకమున లేనిది ఒక్కటియు లేదు. మన కన్ను గాలిలో చూచుటకు ఏర్పడినది. నీటిలో తెఱచిన యెడల కంటి ముందుపొర కిరణములను తగినంత వంపలేదు గనుక అంతయు మసకయగును. కంటికిని నీటికిని నడుమ గాలి నిలుపుటకే ఆ అద్దపుతొడుగు. అయితే కిరణము నీటినుండి గాలిలోనికి వచ్చునప్పుడు మరల వంగును. అందువలన వస్తువు తానున్న దూరములో ముప్పాతిక దూరముననే యున్నట్లును, ఉన్నదానికంటె పెద్దదిగాను కనబడును. కాలి కందునని మే మనుకొన్న పగడము అందక, మేము మఱింత బలముగా క్రిందికి తన్నుటకు ఇదియే కారణము. తొమ్మిదవ తరగతివారికి ఈ పాఠము ఇప్పుడు మేము చెప్పురీతి వేఱు.

ఎనిమిదవ తరగతి బాలుడొకడు మొన్న నడిగెను: ఊపిరిగొట్టము మూరెడే యేల, రెండు బారలు పొడవుండినయెడల అడుగున కూర్చుండి హాయిగా చూడవచ్చును గదా యని. మంచి ప్రశ్న. నీటిలో ఒక్క మీటరు దిగినయెడల ఱొమ్ముమీద పడు ఒత్తిడి వాయుమండలపు ఒత్తిడిలో పదియవ వంతు పెరుగును. గొట్టములోని గాలి మాత్రము పైగాలి ఒత్తిడితోనే యుండును. ఆ తేడాను జయించి ఱొమ్మును ఉబ్బించు బలము మన కండలకు చాలసేపుండదు. అదిగాక, మనము విడిచిన చెడుగాలి గొట్టములో నిలిచి, అదియే మరల లోనికి వచ్చును. పొట్టి గొట్టమునందును ఈ రెండవ చిక్కు కొంత కలదు. భయపడినవాడు కుక్కవలె చిన్నచిన్న ఊపిరులు తీయును. అప్పుడు విడిచిన గాలియే అటునిటు తిరుగుచుండును, మంచిగాలి అందదు. నిదానముగా, నిండుగా పీల్చి విడువవలెను. గొట్టములో నీరు చేరినయెడల ఒక్క ఊదున వెలికి చిమ్మవలెను. ముఖము నీటిలో నుండగా ఊపిరి విడుచుట యలవాటైనవానికి ఇది రెండవమాఱుననే పట్టుబడును. చెంబుతో తలమీద నీళ్లు పోసికొనుట తప్ప మఱియొకటి యెఱుగనివానికి రెండు నిమిషముల శిక్షణతో ఎట్లు పట్టుబడును?

ఇక మా కాలిక్రింద విఱిగినదాని మాట. పగడమనునది పేరునకు ఱాయి, నిజమునకు ప్రాణి. సూదితలయంత మొదలుకొని చిన్న నాణెమంత వఱకుండు మెత్తని జీవులు వేలకొలది కలిసి సున్నపు గూళ్లు కట్టుకొని కాపురముండును. ఆ జీవుల శరీరములలో కంటి కానని నాచుజాతి జీవులు వసించి, ఎండను పట్టి ఆహారము వండి, ఇంటి యజమానికి పెట్టును. పగడముల రంగులలో చాలభాగము ఈ అద్దెవారివే. కొమ్మలవలె పెరుగు జాతులు ఏటేట కొన్ని సెంటీమీటర్లు పెరుగును. బండలవలె నుండునవి అంతకంటె చాల నెమ్మదిగా పెరుగును. సముద్రపుటడుగున పగడపు దిబ్బలు ఆక్రమించినది నూటికి ఒకవంతైనను లేదు. అయినను సముద్రజీవజాతులలో ఇంచుమించు నాలుగవవంతు వానినే ఆశ్రయించి బ్రతుకుచున్నవి. మేము విఱిచినది అఱచేయంత ముక్క. అది ఎన్ని యేండ్ల పెరుగుదలయో లెక్కకట్టుటకు మాకు ధైర్యము చాలలేదు.

మనవారికి పగడము ఱాయివలె తోచుటకును కారణము లేకపోలేదు. పగడమునకు తేటనీరు, ఎండ కావలెను. మన గోదావరీ కృష్ణలు ఏటేట ఒండ్రును, మంచినీటిని సముద్రములో పోయుచుండగా మన తీరమున అట్టి పెద్ద దిబ్బలు పెరుగుట కెడములేదు. ఈ దేశమున వానిని చూడవలెనన్న కచ్ఛ్, మన్నారు సింధుశాఖలకో, లక్షద్వీపములకో, అండమాను నికోబారులకో పోవలసినదే. చూడనిదానియందు దయ పుట్టుట కష్టము. గనుకనే పిల్లలు పోయి చూడవలెనని మేమును కోరుచున్నాము.

చూడదగినది తఱిగిపోవుచున్నది గూడ. వేసవి నీటివేడిమి వాడుకకంటె ఒక్క డిగ్రీ హెచ్చి కొన్ని వారములు నిలిచినయెడల, లోనున్న నాచు వెడలిపోయి పగడము సున్నమువలె తెల్లబాఱును. వేడిమి త్వరగా తగ్గినయెడల కొన్ని కోలుకొనును, లేనియెడల చచ్చును. 2010లో అండమాను పగడములకు ఈ యాపద ఘోరముగా వచ్చినది. 2023 మొదలు లోకమందలి సముద్రములు పెక్కింట మరల వచ్చినది. వేడిమిని మన పిల్లలు ఒక్కదినమున తగ్గింపజాలరు; కాళ్లు పెట్టకుండుట వారి చేతనున్నది. థాయిలాండులో ఫీఫీ ద్వీపములందలి మాయాబే యను అఖాతమును, సందర్శకుల తొక్కిడిచేత పగడములు పాడైనందున, 2018 జూనులో మూసివైచి 2022 జనవరిలో గాని తెఱవలేదు. తెఱచిన పిమ్మటను పడవలను లోనికి రానీయలేదు. పగడమునకు హాని చేయు కొన్ని రసాయనములుగల ఎండలేపనములను అచ్చటి సముద్రపు జాతీయ వనములందు 2021లో నిషేధించిరి. మన అండమానులో 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయవనమున జాలీబాయ్, రెడ్‌స్కిన్ అను రెండు ద్వీపములను ఏడాదిలో కొంతకాల మొకటి, కొంతకాల మొకటి చొప్పున తెఱచి, రెండవదానికి విశ్రాంతి నిచ్చు ఏర్పాటు చేసిరి. పొలమును బీడు వదలి సేదదీర్చు రైతునకు ఇది వింతగా తోచదు.

మరపడవలనుగూర్చి పిల్లలను బెదరించుట మా యుద్దేశము కాదు. అయినను తల్లిదండ్రులు కొన్ని సంగతులు మఱువరాదు. 2014 జనవరి 26న పోర్టు బ్లెయిరు సమీపమున 25 మందికి మాత్రమే అనుమతిగల విహారపు పడవలో అంతకు చాల మిక్కిలిగా నెక్కించుటచేత అది మునిగి 21 మంది మరణించిరి. 2018 జూలై 5న ఫుకెట్టు వద్ద తుపానుగాలిలో చిక్కి మునిగిన యొక్క పడవలోనే 47 మంది పోయిరి. మన గోదావరిపై కచ్చులూరువద్ద 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పడవ మునిగినప్పుడు నలువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. చేరువ గ్రామములవారు తమ నాటుపడవలలో వచ్చి పట్టుకొనుటచేత కొందఱు దక్కిరి. అంతదూర మేల? పంజగుట్టకు నడచిపోదగినంత చేరువనున్న హుసేనుసాగరులోనే 1990 మార్చి 10న బుద్ధవిగ్రహమును పడవపై కొనిపోవుచుండగా పడవ ఒరిగి, విగ్రహము మునిగి, పనివారు కొందఱు చనిపోయిరి. విగ్రహమును 1992 డిసెంబరులో పైకి దీసిరి.

2014 జూనులో బియాస్ నదిలో, పైనున్న ఆనకట్టనుండి విడిచిన నీరు ఒక్కపెట్టున వచ్చి, మన నగరమునుండి విహారమునకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులను 24 మందిని కొనిపోయినది. ఆ ప్రవాహమున ఈతగాడైనను నిలువజాలడు. ఆ సంగతి మే మెఱుగుదుము. ఈత సర్వరోగనివారిణి యని మేము చెప్పుట లేదు. కాని నీటిని నేర్చుకొన్నవాడు నీటిని చూచి వెఱవవలసినచోట వెఱచును. నీటిని పటములో మాత్రమే చూచినవానికి ఆ వెఱపు రాదు. రాకూడనిచోట వచ్చును, మాకు వచ్చినట్లు.

"లైఫ్ జాకెట్టు ఉండగా ఈతయేల?" అని సమావేశమున నొక తండ్రిగా రడిగిరి. జాకెట్టు తప్పక ఉండవలెను. పిల్లవాని బరువునకు తగినదై, బకిలీలన్నియు పెట్టి, భుజములవద్ద పట్టి పైకి లాగినను గడ్డము దాటి రాకుండవలెను. విఱిగినదానిని పుచ్చుకొనరాదు, మావలె సిగ్గుపడరాదు. కాని జాకెట్టు మనిషిని తేల్చునే గాని వాని భయమును తేల్చదు. తేలుచున్నవాడే ప్రక్కవానిని ముంచుట మా యింటనే జరిగినది.

"నగరములో నీ రెక్కడ?" అని మఱియొక ప్రశ్న. మన తాతలు ఎండిన సొరకాయబుఱ్ఱలను, బెండుకట్టలను వీపున కట్టుకొని దిగుడుబావులలో ఈత నేర్చిరి. మేనమామ గట్టుమీదనుండి త్రోసివేయుటయే మొదటి పాఠము. ఆ పద్ధతిని మేము పొగడము. ఆ బావులపై నేడు మేడలు లేచినవి. అయినను నగరపాలక సంస్థవారి కొలనులు కలవు, గచ్చిబౌలిలో 2002 జాతీయక్రీడల కొఱకు కట్టిన పెద్ద కొలను కలదు, బస్తీలలో ప్రైవేటు కొలనులును కలవు. ద్వీపయాత్రకు ఒక కుటుంబము చెల్లించునదానిలో చిన్నభాగముతో పిల్లవానికి ఒక వేసవియెల్ల ఈత నేర్పింపవచ్చును. అంత ధనము లేని యిండ్ల పిల్లలు మన తరగతులలో సగముమంది. పాఠశాల పేర జరుగు యాత్రలో సగము తరగతి ఇంట నుండుట మాకు సమ్మతము కాదు. ఈతకొలను రుసుము మాత్రము పాఠశాల భరింపగలదని మా నమ్మకము.

బాలికల తల్లిదండ్రులతో ఒక మాట. పడవ యెక్కించుటకు సందేహింపనివారు కొలనునకు పంపుటకు సందేహించుచున్నారు. దుస్తుల మాట చెప్పుదురు, రంగు నల్లబడునందురు. స్త్రీలకు ప్రత్యేకముగా సమయము కేటాయించు కొలనులు కలవు. నిండుగా కప్పు ఈతదుస్తులును దొరకును. సముద్రము బాలికయని చూచి విడుచునది కాదు. అపొస్తలుల కార్యములలో పౌలెక్కిన ఓడ మెలితే ద్వీపమువద్ద పగిలినప్పుడు శతాధిపతి యేమి యాజ్ఞాపించెనో ఆదివారపు బడి పిల్లలు ఎఱుగుదురు: ఈత వచ్చినవారు మొదట దుమికి గట్టు చేరవలెను, తక్కినవారు పలకలమీద రావలెను. 276 మందియు బ్రతికిరి. ఎవరు ఈదగలరో ఎవరు ఈదలేరో ఆ యధికారి ముందుగా అడిగెను. అండమాను యాత్రకు మేమును ముందుగా అడుగవలెనని కోరుచున్నాము.

తక్కిన జాగ్రత్తలు పోవుదినమున చెప్పుకొనవచ్చును: నైరుతి ఋతుపవనపు నెలలు మాని డిసెంబరు మొదలు మార్చి లోపల పోవుట, మరపడవ ముక్కున గాక వెనుకతట్టున కూర్చుండుట (ముందువైపు ఎగిరిపడి నడుమెముకలు విఱిగినవారు కలరు), వెన్ను మాడకుండ పొడుగుచేతుల చొక్కా తొడుగుకొనుట, ఇద్దఱిద్దఱుగా ఈదుట.

అండమానునుండి వచ్చిన మఱుసటి నెలలో మేము కొలనులో చేరితిమి. మా తరగతిలో మాకంటె పెద్దవాడు లేడు, తక్కినవారు ఆఱేడేండ్లవారు. వారిలో మన పాఠశాల మూడవ తరగతి బాలుడొకడుండెను. మేము గట్టు పట్టుకొని కాళ్లాడించుచుండగా వాడు ప్రక్కనుండి, "సార్, మోకాలు వంచకూడదు" అని దిద్దుచుండెడివాడు. నాలుగు నెలలకు ఆ కొసనుండి ఈ కొసకు వచ్చితిమి. నాడు గట్టుమీద మా కుమార్తె కూర్చుండియుండెను. ఆమె మాకంటె ముందే నేర్చినది.

వచ్చు జూనునుండి శనివారము సాయంకాలములందు పిల్లలను కొలనునకు కొనిపోవుటకు ప్రధానోపాధ్యాయులవారు అనుమతించిరి. పేరులు మాయొద్ద వ్రాయింపవచ్చును. ఈ వ్యాసము అచ్చునకు పోవునాటికి ఇరువదియొక్క పేరులు వచ్చినవి. అందు బాలికలు నలుగురు, ఉపాధ్యాయు లిద్దఱు.